మనం ఓడిపోయామా, వాళ్ళు ఓడిపోయారా?

పిల్లలూ, ఈ పాఠం ఫుట్‌బాల్ గురించి. గోల్ ఎలా కొట్టాలో నేర్పే పాఠం కాదండోయ్, ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఒక జట్టును మనసులో పెట్టుకున్న మనిషికి ఏమవుతుంది? జట్టు ఓడిపోతే ఎందుకంత బాధ వేస్తుంది? అంత బాధ పెట్టినా ఎందుకు వదిలిపెట్టలేం? ఈ మూడు ప్రశ్నలే మన పాఠం. ఈ కబుర్లన్నీ ఇంట్లో తాతయ్యతోనో బాబాయితోనో తెలుగులో చెప్పాలంటే ఏ మాటలు కావాలో కూడా నేర్చుకుందాం.

నేను యూఏఈకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా ఊళ్ళో ఆట అంటే క్రికెట్టే. ఇక్కడ తెలుగు తరగతికి వచ్చే పిల్లల్లో చాలామంది ఎర్ర చొక్కాలో, లేత నీలం చొక్కాలో వేసుకుని వస్తారు. "ఆంటీ, రాత్రి మేం ఓడిపోయాం" అని మొహం వేలాడేసుకుని చెబుతారు. ఎవరు ఓడిపోయారు? షార్జాలో సోఫా మీద కూర్చుని టీవీ చూసిన పిల్లాడా? ఐదు వేల కిలోమీటర్ల అవతల ఆడిన పదకొండు మందా? "మేం ఓడిపోయాం" అనే ఆ చిన్న మాటలోనే అసలు విషయమంతా ఉంది.

ఆట అక్కడ, అభిమానం ఇక్కడ

ఇంగ్లండ్ క్లబ్బులకూ యూఏఈకీ ఉన్న చుట్టరికం టీవీతో ఆగలేదు. లండన్‌లో ఆర్సెనల్ క్లబ్బు ఆడే మైదానం పేరు ఎమిరేట్స్ స్టేడియం. అది దుబాయ్ విమాన సంస్థ పేరే. 2004లో ఒప్పందం కుదిరింది, 2006లో స్టేడియం తెరిచారు. అప్పటి నుంచి ఆర్సెనల్ ఆటగాళ్ళ చొక్కాల మీద కూడా ఆ పేరు కనిపిస్తోంది. మాంచెస్టర్ సిటీ క్లబ్బునైతే 2008 సెప్టెంబరులో అబుదాబీకి చెందిన షేక్ మన్సూర్ సంస్థ కొనేసింది. 2011 నుంచి వాళ్ళ మైదానం పేరు ఎతిహాద్ స్టేడియం. ఎతిహాద్ అబుదాబీ విమాన సంస్థ. 2017లో లివర్‌పూల్‌కు వచ్చిన మొహమ్మద్ సలా ఈజిప్టు వాడు. మీ స్కూల్లో అరబ్బీ మాట్లాడే మీ స్నేహితులు లివర్‌పూల్ అంటే ఎందుకంత ఇష్టపడతారో ఇప్పుడు అర్థమైందా?

ఇక గడియారం సంగతి. ఇంగ్లండ్ సమయం మనకన్నా చలికాలంలో నాలుగు గంటలు, ఎండాకాలంలో మూడు గంటలు వెనక ఉంటుంది. శనివారం అక్కడ మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట చలికాలంలో మనకు రాత్రి ఏడింటికి వస్తుంది. అది బాగానే ఉంది. ఆదివారం అక్కడ సాయంత్రం నాలుగున్నర ఆట మనకు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై పదిన్నరకు గానీ అవ్వదు. పొద్దున్నే స్కూల్ బస్సు! వారం మధ్యలో అక్కడ రాత్రి ఎనిమిదింటి ఆట అంటే మనకు అర్ధరాత్రి. అందుకే చాలా ఇళ్ళలో పిల్లలు నిద్ర లేవగానే అడిగే మొదటి మాట, "అమ్మా, ఎంత?" స్కోరు ఎంత అని అడక్కర్లేదు. అమ్మకు తెలుసు.

లీగ్ ఎలా నడుస్తుంది?

మీకు తెలిసినా, ఇంట్లో నానమ్మకు చెప్పాలంటే ఇలా చెప్పండి. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ ప్రీమియర్ లీగ్. అందులో 20 జట్లు. ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో సొంత ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి ఆడుతుంది. మొత్తం 38 ఆటలు. గెలిస్తే 3 పాయింట్లు, సమానమైతే చెరొకటి, ఓడితే సున్నా. ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తుంది. చివర్లో ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళే విజేత. ఐపీఎల్‌లాగా ఫైనల్ ఆట ఉండదు.

ఇంకో పెద్ద తేడా ఉంది. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో వచ్చిన జట్టు మళ్ళీ ఏడాది అదే ఐపీఎల్‌లో ఆడుతుంది. ప్రీమియర్ లీగ్‌లో అలా కాదు. అడుగున ఉన్న మూడు జట్లు కింది తరగతికి దిగిపోతాయి. కింది నుంచి మూడు జట్లు పైకి వస్తాయి. స్కూల్లో తప్పితే కింది తరగతికి పంపేసినట్టు అనుకోండి. అందుకని ఆఖర్న ఉన్న జట్టు అభిమానులు కూడా మే నెల దాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటారు.

లెస్టర్ సిటీ కథ వినండి. 2015-16లో ఆ జట్టు లీగ్ గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. అది గెలిస్తే ఒకటికి ఐదు వేలు ఇస్తామని పందేల కంపెనీలు ప్రకటించాయి. అంటే అది జరగని పని అని వాళ్ళ ధీమా. లెస్టర్ గెలిచింది! గెలిపించిన కోచ్ క్లాడియో రానియేరిని తొమ్మిది నెలలకే తీసేశారు. 2021లో ఎఫ్ఏ కప్ గెలిచారు. 2023లో కింది తరగతికి దిగిపోయారు. ఏడేళ్ళలో అన్నిటికన్నా పైమెట్టు నుంచి కింది అంతస్తుకి! ఆ ఏడేళ్ళూ జట్టుతోనే ఉన్న అభిమాని ఎన్ని రకాల రాత్రులు చూసి ఉంటాడో ఊహించండి.

మనం, మేము, వాళ్ళు

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో "మేము" అన్నా "మనం" అన్నా ఒకటే మాట. తెలుగులో రెండు మాటలు. వింటున్న మనిషిని కూడా కలుపుకుంటే "మనం". వింటున్న మనిషిని బయట పెడితే "మేము". మాట్లాడేటప్పుడు "మేం" అంటాం.

మీరూ మీ నాన్నా ఇద్దరూ ఆర్సెనల్ అభిమానులైతే, "నాన్నా, మనం గెలిచాం!" అంటారు. పక్క ఫ్లాట్‌లో ఉండే చెల్సీ అభిమానితో అయితే "మేం గెలిచాం, మీరు ఓడిపోయారు" అంటారు. క్రికెట్ తప్ప ఇంకేమీ చూడని బాబాయికి ఫోన్ చేసి "బాబాయ్, మేం గెలిచాం" అంటే ఆయన "మీరెవర్రా? ఏం గెలిచార్రా?" అని అడుగుతాడు. ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఆట చూపించండి. ఆ తర్వాత ఆయనే ఫోన్ చేసి "ఏరా, మనవాళ్ళు ఎలా ఆడారు?" అంటే, ఆయన కూడా అభిమాని అయిపోయినట్టే. "మీవాళ్ళు" పోయి "మనవాళ్ళు" రావడమే గుర్తు.

ఇంకో తమాషా చూడండి. జట్టు గెలిచినప్పుడు "మనం భలే ఆడాం" అంటాం. అదే జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడితే "ఎంత చెత్తగా ఆడారో చూడు వాళ్ళు!" అంటాం. ఒక్క రాత్రిలో "మనం" కాస్తా "వాళ్ళు" అయిపోయింది. ఇది మనమొక్కరమే చేసే పని కాదు. అమెరికాలో రాబర్ట్ సియాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు 1976లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీ జట్టు గెలిచిన తర్వాత సోమవారం నాడు కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువగా కనిపించారట. మాటల్లో కూడా గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం" అనీ, ఓటమి గురించి చెప్పేటప్పుడు "వాళ్ళు" అనీ మారుస్తారని తేలింది.

మరి నిజమైన అభిమాని ఎవరు? ఓడిన మర్నాడు కూడా "మనం ఓడిపోయాం" అనగలిగినవాడు. ఆ చొక్కాను సోమవారం కూడా వేసుకునేవాడు.

బాధకు ఎన్ని పేర్లో!

జట్టు ఓడితే "బాధగా ఉంది" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. తెలుగులో ఒక్కో రకం బాధకు ఒక్కో మాట ఉంది. ఒక్కో మాటకు ఒక్కో క్లబ్బు కథ చెబుతాను, గుర్తుండిపోతుంది.

నిరాశ. ఆశ పెట్టుకున్నది జరగకపోతే నిరాశ. ఆర్సెనల్ 2003-04లో 38 ఆటల్లో ఒక్కటి కూడా ఓడకుండా లీగ్ గెలిచింది. 26 గెలుపులు, 12 సమానం. ఆ తర్వాత 2022-23లో 248 రోజులు పట్టికలో పైనే ఉండి, చివరికి రెండో స్థానంలో ఆగిపోయింది. "చేతికి అందింది నోటికి అందలేదు" అని మన పెద్దవాళ్ళు అనేది ఇలాంటప్పుడే. 2024లో మళ్ళీ రెండో స్థానం, 2025లో మళ్ళీ రెండో స్థానం!

ఉసూరుమనడం. ఎంతో కష్టపడినా ఫలం దక్కకపోతే ఒళ్ళంతా నీరసం వచ్చేస్తుంది చూడండి, అప్పుడు "ఉసూరుమన్నాను" అంటాం. 2018-19లో లివర్‌పూల్ 97 పాయింట్లు తెచ్చుకుంది. ఏడాదంతా ఒకే ఒక్క ఆట ఓడింది. అయినా రెండో స్థానమే, ఎందుకంటే మాంచెస్టర్ సిటీకి 98 వచ్చాయి. నూటికి 97 వచ్చి కూడా క్లాసులో ఫస్ట్ రాని పిల్లని అడగండి, ఉసూరుమనడం అంటే ఏమిటో చెబుతుంది.

విసుగు. ఒకే బాధ మళ్ళీ మళ్ళీ వస్తే అది విసుగు. మాంచెస్టర్ యునైటెడ్‌కు అలెక్స్ ఫెర్గూసన్ 1986 నుంచి 2013 దాకా కోచ్. ఆయన ఉండగా 13 సార్లు లీగ్ గెలిచారు. ఆయన వెళ్ళాక 2025 దాకా ఒక్కసారి కూడా గెలవలేదు. కోచ్‌లు మారారు, ఆటగాళ్ళు మారారు. 2024-25లో 15వ స్థానం. మీ నాన్నగారు "మా రోజుల్లో యునైటెడ్ అంటే..." అని మొదలుపెడితే ఆయన గొప్పలు చెబుతున్నారని అనుకోకండి. ఆయన విసుగును దాచుకుంటున్నారు.

ఉక్రోషం. ఇది కోపమే కానీ ఉత్త కోపం కాదు. ఏమీ చేయలేనప్పుడు కళ్ళల్లో నీళ్ళతో పాటు వచ్చే కోపం. ప్రీమియర్ లీగ్‌లో 2019-20 నుంచి రిఫరీకి వీడియో సాయం వచ్చింది. గోల్ పడగానే ఎగిరి గంతేస్తాం. రెండు నిమిషాలు వీడియో చూసి, భుజమో మోకాలో అంగుళం ముందుకు ఉందని గోల్ కొట్టేస్తారు. అప్పుడు వచ్చేది ఉక్రోషం. అయితే ఒక జాగ్రత్త. ఓడిన ప్రతిసారీ రిఫరీనే తిడితే మన సామెత ఒకటి కాచుకుని కూర్చుని ఉంది: "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్టు. నాట్యం చేయడం చేతకాక, మద్దెల పగిలిందని వంక పెట్టిందట. ఇక్కడ "ఓడు" అంటే పగిలినది అని అర్థం. ఓడిపోవడంలో ఉండే "ఓడు" వేరు.

ఏ ఎండకా గొడుగు

ఏ ఎండ వస్తే ఆ ఎండకు సరిపడా గొడుగు పట్టేవాడిని చూసి ఈ మాట అంటారు. మొన్న చెల్సీ, నిన్న సిటీ, ఇవాళ లివర్‌పూల్, ఎవరు గెలుస్తుంటే వాళ్ళ చొక్కా. అది నేరమేమీ కాదు. కానీ అలాంటివాళ్ళకు దొరకని సుఖం ఒకటుంది. అదేమిటో తెలియాలంటే మాంచెస్టర్ సిటీ పాత కథ తెలియాలి.

ఇప్పుడు సిటీ అంటే డబ్బున్న జట్టు, కప్పులు గెలిచే జట్టు. మీరు పుట్టినప్పటి నుంచీ అంతే. కానీ 1998-99లో సిటీ పై నుంచి మూడో తరగతిలో ఆడింది. అంత కిందికి పడిపోయినా సొంత మైదానంలో ఒక్కో ఆటకు సగటున 28 వేల మంది వచ్చేవాళ్ళు. 1999 మే 26న అదే ఊరి యునైటెడ్ జట్టు ఐరోపా విజేత అయింది, ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి. ఊరంతా పండగ. సిటీ అభిమానుల పరిస్థితి ఎలా ఉంటుంది? పక్కింట్లో పెళ్ళి, మనింట్లో చీకటి.

నాలుగు రోజుల తర్వాత, మే 30న, సిటీ లండన్ వెంబ్లీ స్టేడియంలో జిల్లింగ్‌హామ్ అనే చిన్న జట్టుతో ఆడింది. గెలిస్తే రెండో తరగతికి వెళ్ళొచ్చు. 90వ నిమిషం వచ్చేసరికి 2-0తో వెనకబడి ఉంది. కొందరు అభిమానులు లేచి వెళ్ళిపోయారు. అప్పుడు ఒక గోల్. అదనపు సమయం ఐదో నిమిషంలో పాల్ డికోవ్ ఇంకో గోల్. తర్వాత పెనాల్టీల్లో గెలిచింది.

ఇంకో 13 ఏళ్ళు గడిచాయి. 2012 మే 13. సిటీ చివరిసారి లీగ్ గెలిచింది 1968లో, అంటే 44 ఏళ్ళయింది. ఆఖరి రోజు గెలిస్తే చాలు, కానీ 90 నిమిషాలు అయ్యేసరికి 2-1తో వెనకబడి ఉన్నారు. ఇంకో ఊళ్ళో యునైటెడ్ తన ఆట గెలిచేసింది. అదనపు సమయంలో ఎడిన్ జెకో ఒక గోల్, ఆ తర్వాత సెర్జియో అగ్వేరో ఇంకో గోల్. గడియారంలో 93 నిమిషాల 20 సెకన్లు. రెండు జట్లకూ 89 పాయింట్లే. కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేసి చూస్తే సిటీది పైచేయి. లీగ్ సిటీది!

ఆ గోల్ వీడియో మీరందరూ చూసే ఉంటారు. అందులో పెద్దవాళ్ళు ఏడుస్తుంటారు, గమనించారా? 2011లో సిటీ చొక్కా కొనుక్కున్నవాడు కూడా ఆ రోజు గంతులు వేశాడు. మూడో తరగతి ఆటలకు వానలో తడుస్తూ వెళ్ళినవాడు మాత్రం ఏడ్చాడు. మొదటివాడికి అది గెలుపు. రెండోవాడికి ఎదురుచూపు తీరడం. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళకు దొరకనిది ఇదే. విసుగూ, నిరాశా, ఉక్రోషమూ పడ్డవాళ్ళకే ఆ సంతోషం పూర్తిగా దక్కుతుంది.

అభిమానం అంటే నోరు మూసుకోవడం కాదు

"మన జట్టు" అన్నంత మాత్రాన వాళ్ళు ఏం చేసినా ఒప్పుకోవాలా? అక్కర్లేదు. మనింట్లోవాళ్ళు తప్పు చేస్తే మనం చెప్పమూ? మనవాళ్ళు కాబట్టే చెబుతాం.

2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ మైదానంలో ఒక సంగతి జరిగింది. కొన్ని సీట్ల టికెట్ ధర 77 పౌండ్లు చేస్తామని క్లబ్బు ప్రకటించింది. ఆ రోజు లివర్‌పూల్ 2-0తో ముందుంది. సరిగ్గా 77వ నిమిషంలో దాదాపు పది వేల మంది అభిమానులు లేచి బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టింది, ఆట 2-2. కొద్ది రోజులకే క్లబ్బు యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను వెనక్కి తీసుకున్నారు.

2021 ఏప్రిల్ 18న ఐరోపాలోని 12 పెద్ద క్లబ్బులు విడిగా సూపర్ లీగ్ పెట్టుకుంటామన్నాయి. వాటిలో ఆరు ఇంగ్లండ్‌వి: ఆర్సెనల్, చెల్సీ, లివర్‌పూల్, రెండు మాంచెస్టర్ క్లబ్బులు, టాటెన్‌హామ్. అందులో ఆ 12 క్లబ్బులూ ఎప్పటికీ కిందికి దిగవు. మరి లెస్టర్‌లాంటి జట్టు ఎలా గెలుస్తుంది? అభిమానులు సొంత క్లబ్బుల మీదే తిరగబడ్డారు. చెల్సీ మైదానం బయట రోడ్డు మీద నిలబడి అరిచారు. రెండు రోజులు తిరక్కుండానే ఆరు ఇంగ్లండ్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి.

క్లబ్బు కాగితాల మీద యజమానిది. డబ్బు పెట్టింది ఆయనే. కానీ "మన క్లబ్బు" అనే మాట ఆయన కొనుక్కోలేడు.

క్లబ్బే వెళ్ళిపోతే?

అభిమాని క్లబ్బును వదలడు, సరే. క్లబ్బే అభిమానిని వదిలేస్తే?

లండన్‌లో వింబుల్డన్ అనే క్లబ్బు ఉండేది. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచింది. ఆ క్లబ్బును దూరంగా ఉన్న మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించడానికి 2002లో అనుమతి దొరికింది. మర్నాడు అభిమానులు ఏం చేయాలి? చాలామంది ఆ క్లబ్బు వెనక వెళ్ళలేదు. సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకున్నారు, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని. ఆటగాళ్ళు కావాలి, ఎవరైనా రావచ్చని చెప్పి ఊరి మైదానంలో పరీక్ష పెట్టి ఎంచుకున్నారు. తొమ్మిదో తరగతి నుంచి మొదలుపెట్టి, తొమ్మిదేళ్ళలో ఐదుసార్లు పైకెక్కి 2011లో నాలుగో తరగతికి చేరారు. 2020లో సొంత పేటలో కొత్త మైదానం కట్టుకుని తిరిగొచ్చారు. ఆ అభిమానులకు "మన క్లబ్బు" అంటే కాగితమూ కాదు, పేరూ కాదు. అది వాళ్ళ పేట.

ఇలాంటిది మన దగ్గర కూడా జరిగింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఊరని మీకు తెలుసా? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లలో దేశంలో పేరుమోసింది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ వాడే. ఆయనే భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్ళాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిపించాడు. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. 2024లో వచ్చిన "మైదాన్" సినిమా రహీం కథే.

చాలా ఏళ్ళ తర్వాత, 2019లో, హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు వచ్చింది. గచ్చిబౌలి స్టేడియంలో ఆడేది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. పసుపు చొక్కాలు కొనుక్కున్న పిల్లలు హైదరాబాద్‌లోనే ఉండిపోయారు. గెలిచిన కప్పు వాళ్ళదేనా, ఇప్పుడు ఢిల్లీవాళ్ళదా? మీరేమంటారు?

దూరం నుంచి "మన" అనొచ్చా?

ఇంగ్లండ్‌లో కొందరు అంటారు, టీవీలో చూసేవాళ్ళు అసలు అభిమానులు కాదని. వాళ్ళ మాటలో కొంత న్యాయం ఉంది. వాళ్ళు చలిలో నిలబడతారు, జీతంలోంచి టికెట్ కొంటారు, ఓడిన రాత్రి రైలెక్కి ఇంటికెళ్తారు. అది చిన్న విషయం కాదు. మనం ఏసీ గదిలో కూర్చుని చూస్తాం.

కానీ ఇదే ప్రశ్న మీకు ఇంకోచోట కూడా ఎదురవుతుంది కదూ? సెలవుల్లో గుంటూరో, కరీంనగరో, విజయనగరమో వెళ్ళి "మా ఊరు" అంటే, ఎవరో ఒకరు నవ్వి "నువ్వు ఇక్కడ పుట్టలేదుగా!" అంటారు. ఇక్కడేమో "మీది ఏ దేశం?" అని అడుగుతారు. అప్పుడు మీకు ఏం చెప్పాలో తెలీదు. మొహం చిన్నబోతుంది. తరగతిలో పిల్లలు ఈ మాట చెప్పినప్పుడు నేను విన్నాను.

నాకు తోచింది చెబుతాను. పుట్టుకతో వచ్చే "మన" ఒకటి ఉంది. పట్టుకుని ఉండటం వల్ల వచ్చే "మన" ఇంకొకటి ఉంది. రెండోదాన్ని ఎవరూ మీకు ఇవ్వక్కర్లేదు, ఎవరూ తీసుకోలేరు. అక్కడ ఏం జరిగిందో కనుక్కుంటూ ఉండాలి. బాగున్నప్పుడే కాదు, బాగోలేనప్పుడు కూడా అడగాలి. నానమ్మ ఊళ్ళో వాన పడలేదంటే మీ మనసు కాసేపు అక్కడికి వెళ్ళిందా? అయితే అది మీ ఊరే. అర్ధరాత్రి ఆట పోయిందని పొద్దున్నే తెలిసి ఇడ్లీ సయించలేదా? అయితే అది మీ జట్టే.

ఒక జట్టు ఉంటే ఇంకోటి ఉండకూడదని కూడా లేదు. మీరు ఉన్న దేశంలోనే మంచి క్లబ్బులున్నాయి. అల్ ఐన్ క్లబ్బు 2003లో, 2024లో ఆసియా విజేత. దుబాయ్ అల్ వస్ల్ క్లబ్బుకు 2011-12లో డీగో మారడోనా కోచ్‌గా పనిచేశాడు. ఆ మైదానాలు మీ ఇంటి నుంచి కారులో వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. ఒకసారి నాన్నని తీసుకెళ్ళమనండి. టీవీలో వినపడని చప్పుడు, బంతి కాలికి తగిలే చప్పుడు, అక్కడ వినపడుతుంది.

ఇంట్లో చేయండి

1. ఖాళీల్లో "మనం" లేదా "మేం" రాయండి. చెల్లీ నువ్వూ ఒకే జట్టు: "చెల్లీ, ____ గెలిచాం!" అవతలి జట్టు అభిమానితో: "ఈసారి ____ గెలుస్తాం, చూస్తూ ఉండు!"

2. నిరాశ, విసుగు, ఉక్రోషం, ఉసూరుమనడం. ఈ వారం మీకు ఇందులో ఏది కలిగింది? ఆట గురించే కానక్కర్లేదు. మూడు వాక్యాలు రాయండి.

3. మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒకరిని అడగండి: "మీరు ఓడిపోతుందని తెలిసి కూడా వదలకుండా చూసిన జట్టు ఏది? ఎందుకు వదల్లేదు?" క్రికెట్ అయినా, కబడ్డీ అయినా సరే. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే తెలుగులో రాసుకుని రండి.

4. హైదరాబాద్‌లో పసుపు చొక్కాతో మిగిలిపోయిన ఒక పిల్లాడికి ఉత్తరం రాయండి. వింబుల్డన్ కథ వాడికి చెప్పండి. వచ్చే తరగతిలో అందరం చదువుకుందాం.